రెండో సంతకం

ఆడవాళ్ళ పేరు మీద ఆస్తి ఎప్పుడెప్పుడు పెడతారో గమనిస్తే మన కుటుంబాల గురించి చాలా తెలుస్తుంది. ఇన్‌కమ్‌టాక్సు తగ్గాలంటే భార్య పేరు గుర్తొస్తుంది. వ్యాపారం దెబ్బతిని అప్పులవాళ్ళు ఇంటిమీదికొచ్చే సూచన కనపడితే ఇల్లు భార్య పేరు మీదికి మారుతుంది. సర్పంచి పదవి మహిళకు రిజర్వయితే నామినేషను కాగితం మీద ఆమె పేరు వస్తుంది. అవసరం తీరాక ఆ పేరును మళ్ళీ ఎవరూ తలుచుకోరు. ఈ వరుసలో మా ఇంటి ఆడవాళ్ళకు ఈమధ్య ఇంకొకటి చేరింది. విదేశంలో ఇల్లు.

మాది కోదాడ దగ్గర చిలుకూరు. మా చిన్నాన్న కూతురికి 1998లో పెళ్ళయింది. పసుపుకుంకుమ కింద సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే రెండెకరాల మాగాణి ఇచ్చారు. భూమి ఉన్న కులాల్లో ఇది మామూలే. చాలా ఇళ్ళల్లో ఇది నోటిమాటగానే ఉండిపోతుంది. మా చిన్నమ్మ మాత్రం పట్టుబట్టి పట్టా కూతురి పేరు మీదికి మార్పించింది. ఆమె చదువుకోలేదు. కానీ తన పుట్టింటివాళ్ళు మాటగా ఇచ్చిన ఎకరం తన చేతికి రాకుండానే పోయిందన్న సంగతి ఎన్నడూ మరిచిపోలేదు.

మన చట్టాలేమీ తక్కువ తినలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీకి వచ్చిన ఆస్తి మీద ఆమెకే పూర్తి హక్కు అంది. పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా అని 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకు కూడా ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా వాటా సంగతి ఎత్తిన ఆడపిల్లకు దొరికే జవాబు ఒక్కటే: "నీకు పసుపుకుంకుమ ఇచ్చేశాం గదా." అంటే ఆ రెండెకరాలు మా చెల్లెలికి పుట్టింటి నుంచి దక్కిన మొదటి ఆస్తీ, చివరి ఆస్తీ.

2024 జూలైలో ఆ భూమి అమ్మకం మాట వచ్చింది. మరిది హైదరాబాదులో వ్యాపారం చేస్తాడు. గ్రీసులో పారోస్ అనే ద్వీపంలో ఇల్లు కొందామన్నాడు. నీలం సముద్రం, సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, రాతి పలకలు పరిచిన సందులు. ప్రాచీన శిల్పులు ఏరికోరి తెప్పించుకున్న పాలరాయి ఆ ద్వీపానిది. ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉన్న వీనస్ డి మిలోను చెక్కింది ఆ రాతిలోనే అంటారు. బొమ్మలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ లాగింది.

తొందరకు కారణం వేరే ఉంది. అప్పుల్లో మునిగిన గ్రీసు 2013లో ఒక పథకం పెట్టింది. రెండున్నర లక్షల యూరోల ఆస్తి కొన్నవాళ్ళకు ఐదేళ్ళ నివాస అనుమతి, ఆస్తి అమ్ముకోనంతకాలం పొడిగింపు. గోల్డెన్ వీసా అంటే ఇదే. బయటివాళ్ళు ఎగబడేసరికి అక్కడివాళ్ళకే ఇళ్ళు అందకుండా పోయాయి. 2024 సెప్టెంబరు 1 నుంచి ఏథెన్సు పరిసరాల్లో, పారోస్ లాంటి పెద్ద ద్వీపాల్లో ఆ మొత్తాన్ని ఎనిమిది లక్షల యూరోలకు పెంచారు. పాత ధరకు కావాలంటే ఆగస్టు 31లోగా పది శాతం బయానా కట్టాలి, డిసెంబరు 31లోగా కొనుగోలు పూర్తికావాలి. ఆ రెండు నెలల్లో మనదేశం నుంచి కొనేవాళ్ళు ఎట్లా పరిగెత్తారో పత్రికలన్నీ రాశాయి.

నేను బ్యాంకులో విదేశీ మారకం చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అందుకే చెల్లెలు నాకు ఫోను చేసింది.

"అక్కా, పొలం అమ్మమంటున్నరు. ఇంకేవో కాగితాల మీద నా సంతకం గూడ కావాల్నట. నాకెందుకో అర్థం కాలే."

నాకు అర్థమైంది. రిజర్వుబ్యాంకు 2004లో ఒక వెసులుబాటు ఇచ్చింది. దేశంలో ఉండే ఏ మనిషైనా ఏడాదికి ఇన్ని డాలర్లు బయటికి పంపుకోవచ్చు. అప్పుడు ఇరవై ఐదు వేలు. 2015 నుంచి రెండున్నర లక్షలు. కుటుంబానికి కాదు, మనిషికి. ఇల్లేమో రెండున్నర లక్షల యూరోలు. యూరో డాలరు కంటే పెద్దది. పైన రిజిస్ట్రేషను పన్నూ, వకీలు ఫీజూ. అంటే ఒక మనిషి పరిమితి చాలదు. కొంత ఈ ఏడు, కొంత వచ్చే ఏడు పంపుదామా అంటే గ్రీసు పెట్టిన రెండు గడువులూ మన ఆర్థిక సంవత్సరం ఒక్కదానిలోనే పడ్డాయి. ఇంకో నిబంధన ఉంది. ఆస్తి కొనడానికి ఇంట్లో ఇంకొకరి పరిమితిని కలుపుకోవాలంటే, ఆ ఇంకొకరు ఆ ఆస్తిలో భాగస్వామి అయి తీరాలి. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఏ పత్రం మీదా లేని మా చెల్లెలి పేరు పారోస్ ఇంటి పత్రం మీదికి వచ్చిందంటే ఈ లెక్క వల్లే. ప్రేమ ఉందో లేదో నాకు తెలియదు.

ఆమెకు ఇవన్నీ చెప్పాను. పేరుతోపాటు ఏమేం వస్తాయో కూడా చెప్పాను. ఏడు లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు ఇరవై శాతం పన్ను ముందే పట్టుకునేది. 2023 అక్టోబరు నుంచి అప్పట్లో అదీ పద్ధతి. ఆమె పంపే సొమ్ము మీద పట్టింది ఆమె పాన్ నంబరు మీద జమవుతుంది. అది వెనక్కి రావాలంటే ఆమె రిటర్ను వేయాలి. విదేశంలో ఉన్న ఆస్తిని ఏటా చూపించాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల దాకా జరిమానా. అది పడేదీ ఆమె మీదే. పేరుతో హక్కు వస్తుందో రాదో గానీ బాధ్యత మాత్రం తప్పకుండా వస్తుంది. ఇల్లు చూడకుండానే, అక్కడి వకీలుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, తనకు రాని భాషలో ఉన్న దస్తావేజుతో ఆమె యజమానురాలు కాబోతోంది.

ఆ దేశం గురించి చదువుతుంటే నాకు ఇంకో సంగతి తెలిసింది. ఏజియన్ సముద్రంలోని చాలా ద్వీపాల్లో ఇల్లు కూతురికి ఇవ్వడం పాత ఆచారమట. పెళ్ళినాటికి తల్లిదండ్రులు ఆమెకో ఇల్లు కట్టిపెట్టేవారు. మన పసుపుకుంకుమ లాంటిదే. గ్రీసు 1983లో కుటుంబ చట్టాన్ని మార్చి కట్నాన్ని తీసేసింది. పెళ్ళయినా స్త్రీ పుట్టింటి పేరుతోనే ఉండాలంది. విడాకులైతే, కాపురం చేసిన కాలంలో పెరిగిన ఆస్తిలో మూడోవంతు రెండోవారి కష్టమేనని, కాదని రుజువైతే తప్ప, లెక్కగట్టాలంది. వంటింట్లో చేసిన పనికి కూడా విలువ ఉందని ఒప్పుకున్నట్టే కదా! మనకు 1961లోనే వరకట్న నిషేధ చట్టం ఉంది. కాపురంలో కూడబెట్టినదాంట్లో భార్యకు వాటా ఉందనే చట్టం మన రాష్ట్రంలో హిందూ స్త్రీకి ఇప్పటికీ లేదు. భరణం అడుక్కోవాలి. అక్కడి సముద్రాన్ని కొనుక్కోవడానికి పోయేవాళ్ళెవరూ అక్కడి చట్టాన్ని తెచ్చుకుందామనుకోరు.

చెల్లెలు రెండు రోజులు ఆలోచించింది. తర్వాత మొగుడికి రెండు మాటలు చెప్పింది. దస్తావేజులో సగం అని స్పష్టంగా రాయాలి. చిలుకూరు పొలం అమ్మేది లేదు. తన వంతు సొమ్ము అతనే తన ఖాతాలో వేయాలి.

"వదినా, మీరే నేర్పిస్తున్నారా? నా మీద నమ్మకం లేదా ఆమెకు?" అని మరిది నాకు ఫోను చేశాడు.

"నమ్మకం ఉంటే రాసివ్వడానికేం? రాసుకున్నంత మాత్రాన నమ్మకం పోతదా?" అన్నాను.

వారం పాటు ఇంట్లో మాటల్లేవు. పిల్లలు మధ్యవర్తులయ్యారు. అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుంది. మామూలు రోజుల్లో అయితే అక్కడితో చెల్లెలు లొంగిపోయేది, నాకు తెలుసు. ఈసారి ఆగస్టు 31 ఆమె పక్షాన నిలబడింది. ఆమె సంతకం లేకుండా పని జరగదు, ఆలస్యమైతే ఇల్లు మూడింతల ధరకు పోతుంది. చివరికి మరిది వేరేచోట ఉన్న ప్లాటు అమ్మాడు. దస్తావేజులో చెరిసగం రాశారు. "నా సంతకానికింత విలువుందని నాకు తెల్వనే తెల్వదక్కా" అంది ఆమె. సంతోషంతో అన్నదో బాధతో అన్నదో, రెండూనో.

ఇది గెలుపేనా అని చాలాసార్లు ఆలోచించాను. బేరమాడే బలం ఆమెకు రిజర్వుబ్యాంకు నిబంధన ఇచ్చింది, గ్రీసు గడువు ఇచ్చింది. రేపు ఆ నిబంధన మారితే? అయినా వచ్చిన అవకాశాన్ని వదులుకోకపోవడం ఆమె సొంత తెలివి. పట్టా మార్పించిన మా చిన్నమ్మ తెలివి కూడా అందులో ఉంది. చేతిలో ఆ రెండెకరాలు లేకపోతే 'అమ్మను' అనడానికి ఆమెకు ఏముండేది?

కానీ నన్ను ఇంకా తొలిచేది వేరే. ఆ పొలాన్ని ఇరవై ఏళ్ళుగా ఒక కుటుంబం కౌలుకు చేస్తోంది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఆ ఇంటి ఇల్లాలు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలు వచ్చింది హైదరాబాదులో ఉన్న పట్టాదారుకు, మా చెల్లెలికి. బురదలో వంగినామెకు పైసా రాలేదు. కౌలుదార్లకు ఆ పథకంలో చోటే లేదు. పొలం అమ్మి ఉంటే పారోస్‌లో ఒక కిటికీ వచ్చేది, చిలుకూరులో ఒక ఇంటికి పనిపోయేది. ఆ బేరంలో ఆమెను అడిగేవాళ్ళెవరూ లేరు. ఈ నేల కోసం ఆడవాళ్ళు తుపాకులు పట్టిన జిల్లా మాది. మల్లు స్వరాజ్యం పుట్టిన జిల్లా.

మా చెల్లెలికి రెండో సంతకం చేసే అవకాశం వచ్చింది. కౌలుదారు ఇల్లాలి సంతకం కావాలని అడిగే కాగితం ఇంకా పుట్టలేదు. అది పుట్టించమని అడగాల్సింది ఆమె ఒక్కతే కాదు. పట్టాలు ఉన్న ఆడవాళ్ళం కూడా.