మా మేడ మీది డిష్, మా ఇంటి తెలుగు

మా ఖరగ్‌పూర్‌ను అందరూ 'మినీ ఇండియా' అంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడికి పనికి వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఇక్కడే స్థిరపడ్డారు. మా పెద్దలది శ్రీకాకుళం వైపు. మేముండేది ఐఐటీ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో. బజారులో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మా అక్కాతమ్ముళ్లిద్దరికీ తెలుగు మాట్లాడటం వచ్చు గానీ, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. "మీ తరవాత ఈ ఇంట్లో తెలుగు ఉంటాదేటర్రా?" అని మామ్మ అడుగుతూ ఉంటుంది.

దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో సప్తగిరి, యాదగిరి ఛానళ్లు వస్తాయి. నెలనెలా చందా కట్టనక్కరలేదు. కానీ వార్తల వేళకు మేము ట్యూషన్‌లో ఉంటాం, నాన్న షిఫ్టులో ఉంటారు. ప్రసారం రైలు లాంటిది, మన కోసం ఆగదు. అందుకే పూజా సెలవుల్లో దాన్ని రికార్డు చేసే ఏర్పాటు మొదలుపెట్టాం.

మా దగ్గర ఉన్నది రాస్ప్‌బెర్రీ పై. 2012లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన ఈ చిన్న కంప్యూటర్ ఏటీఎం కార్డంత ఉంటుంది. దీనికి టీవీ సంకేతాలు అందించాలంటే యూఎస్‌బీ ట్యూనర్ కావాలి. బొటనవేలంత చవక ట్యూనర్లు దొరుకుతాయి. అవి చాలావరకు డీవీబీ-టీ పద్ధతికే పనికొస్తాయి. మన దేశంలో దూరదర్శన్ 2016లో కోల్‌కతాతో సహా 16 నగరాల్లో టవర్ల నుంచి మొదలుపెట్టినది డీవీబీ-టీ2. పైగా కోల్‌కతా మాకు వంద కిలోమీటర్లకు పైనే. అందుకని ఉపగ్రహ ప్రసారాలను అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఎంచుకున్నాం.

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఖరగ్‌పూర్ సుమారు 87.3 డిగ్రీల దగ్గర ఉంది. భూగోళం పాఠం, త్రికోణమితి కలిపి లెక్క వేస్తే, డిష్ దక్షిణానికి కొంచెం తూర్పుగా, దాదాపు 16 డిగ్రీలు తిరిగి, సుమారు 63 డిగ్రీల ఎత్తుకు చూడాలని తేలింది. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు కావాలి. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. అందుకే ఈ ట్యూనర్‌కు విడిగా అడాప్టర్ పెట్టాం.

ఇంత చిన్న కంప్యూటర్ టీవీని ఎలా రికార్డు చేస్తుందని స్నేహితులు అడిగారు. మా ఊరివాళ్లకు చెప్పడం తేలిక. ప్రసారం 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. ఒక్కొక్కటి ఒక వ్యాగన్ అనుకోండి. చాలా ఛానళ్ల వ్యాగన్లు ఒకే గూడ్సు బండిలో కలిసి వస్తాయి. ప్రతిదాని మీద ఒక నంబరు ఉంటుంది. నింపురా యార్డులో వ్యాగన్లను విడదీసినట్టు, కంప్యూటర్ ఆ నంబర్లు చూసి మనకు కావలసినవి పక్కకు తీసి దాస్తుంది. బొమ్మను అప్పటికే కుదించి పంపుతారు కాబట్టి రికార్డు చేయడానికి పెద్ద శక్తి అక్కరలేదు. సెకనుకు 3 మెగాబిట్ల ఛానల్ అయితే గంటకు సుమారు 1.35 జీబీ అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 45 గంటలకు పైగా పడుతుంది. టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేళ పెడితే చాలు, మేము ఇంట్లో లేకపోయినా పని జరిగిపోతుంది. కాలబైశాఖి గాలివాన వచ్చినప్పుడు మాత్రం సంకేతం బలహీనపడి బొమ్మ ముక్కలవుతుంది.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి వార్తలు చూస్తాం. తెర కింద పరుగెత్తే అక్షరాలను ఆపి, మేమిద్దరం పైకి చదువుతాం. అలా నేర్చుకున్న మొదటి పెద్ద మాట 'అల్పపీడనం'. బెంగాలీలో 'నిమ్నచాప్' అని మాకు తెలుసు, తెలుగులో ఏమంటారో తెలియదు. అది బలపడితే 'వాయుగుండం' అవుతుందని మామ్మ చెప్పింది. బంగాళాఖాతంలో అది పుట్టిందంటే ఎటు పోతుందోనని ఆమెకు దిగులు. శ్రీకాకుళం వైపు పోతే అక్కడ మా చుట్టాలు, ఇటు వస్తే మేము. ఆ వార్త చదివి వినిపించేది ఇప్పుడు మేమే.

దూరదర్శన్‌కు బెంగాలీ, ఒడియా, తమిళం వంటి ఎన్నో భాషల్లో ఛానళ్లున్నాయి. మిత్రులారా, మీరూ మీ ఇంటి భాషను ఇలా దాచుకోవచ్చు, ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే సుమా! యంత్రం మాటలను దాచిపెడుతుంది, చదవవలసింది మనమే. మేము తెలుగులో రాసిన మొదటి వ్యాసం ఇది. అక్షరదోషాలు అమ్మ దిద్దింది. వచ్చే ఏడాది ఆ అవసరం రాకూడదని మా పట్టుదల.