కడగని బోటి

మా ఎడిటర్ నన్ను పంపింది బ్యారేజీ మీదికి. పెన్న మీద 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమైన సంగం బ్యారేజీ, తెల్లదొరల నాటి పాత ఆనకట్ట, కనిగిరి రిజర్వాయర్ కింది ఆయకట్టు అన్నీ చూసి నాలుగు పేజీలు రాయమన్నాడు. గేట్ల లెక్కలు ఇంజనీర్లు ఎప్పుడడిగినా ఇస్తారు. ఆదివారం పొద్దున్నే బస్సు దిగి టీ తాగుతుంటే, పక్కనున్న మటన్ కొట్టు వెనక రేకుల పంచలో ఒక పెద్దామె వేడినీళ్ళ బానలోంచి గొర్రె పొట్టను పైకి లాగి గీకుతూ కనిపించింది. పెన్న దాకా పోవాలన్న ఆలోచన అక్కడే ఆగిపోయింది.

బోటి కూర లొట్టలేసుకుంటూ తినేవాళ్ళకు కూడా దాన్ని బాగుచేసే పని చూడాలని ఉండదు. వాసన అలాంటిది మరి. పొట్టను చీల్చి, లోపలి పేడంతా దులిపి, నీళ్ళు మార్చి మార్చి కడిగాక వేడినీళ్ళలో ముంచాలి. నీళ్ళు మరీ కాగితే లోపలి పొర బిగుసుకుపోయి ఊడి రాదు. చాలకపోతే అసలు కదలదు. ఆమె వేలు ముంచి తీసి, "ఇంకో చెంబు చన్నీళ్ళు పొయ్యి" అని మనవడికి చెబుతుంది, అంతే. తర్వాత తడిసున్నం రుద్ది, కత్తి మొండి అంచుతో గీకుతుంది. టర్కీ తువ్వాలులా బొడిపెలు బొడిపెలుగా ఉన్న నల్లటి పొర ఊడివచ్చి, అడుగున తెల్లటి కండ బయటపడుతుంది. ఎక్కడా చిరగదు. సున్నం తినీ తినీ ఆమె వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయి. గోళ్ళు దాదాపు లేవు.

"ఒక పొట్ట కాదు నాయనా, నాలుగు ఉండాయి" అని నాకు వరసగా చూపించింది. ఇది పెద్దది, ఇది గళ్ళది, ఇది ఆకులది. చివరిదాన్ని ఎత్తి, "ఇది మంటది" అంది.

"మంటదంటే?"

"కడిగేటప్పుడు చేతికి మంట పుడతాది. మిగతా మూడూ అట్టా చెయ్యవు."

కాలేజీలో జంతుశాస్త్రం చదువుకున్న నాకు ఆ మాట విన్నాక గానీ విషయం ఒంటికి పట్టలేదు. మొదటి మూడు గదుల్లో జీర్ణరసం ఊరదు. ఆమ్లమూ, మాంసకృత్తులను విరగ్గొట్టే పెప్సినూ ఊరేది నాలుగో గదిలోనే. మన జీర్ణాశయానికి సాటి వచ్చేది అదొక్కటే. మరి 10 లీటర్లకు పైనే పట్టే ఆ పెద్ద పొట్టలో అంత తడి ఎక్కడిది? చాలావరకు నోట్లోది. గొర్రె రోజుకు 6 లీటర్లకు తక్కువ కాకుండా లాలాజలం మింగుతుంది. అందులో వంటసోడా జాతి లవణం ఉంటుంది. లోపల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటే పుట్టే పులుపును ఎప్పటికప్పుడు విరిచేది ఆ లవణమే. చెట్టు నీడన పడుకుని నెమరేస్తున్న గొర్రె మన కంటికి ఊరికే కూర్చున్నట్టుంటుంది. అది ఆ పూట చేసే పనిలో పెద్ద పని అదే.

పక్క బేసిన్‌లో అప్పుడే కోసిన గొర్రె పేగులున్నాయి, ఇంకా వెచ్చగా. వాటిని చూసి నేను ఒకడుగు వెనక్కి వేశాను. అవి కదులుతున్నాయి. ఒకచోట నొక్కుకుని, ఆ నొక్కు ముందుకు జరిగి, ఆగి, మళ్ళీ ఇంకోచోట మొదలవుతోంది. తల లేదు, గుండె లేదు, చర్మం ఆటో ఎక్కేసింది. "దానికింకా తెలీదులే" అంది ఆమె, పేగు కొస పట్టుకుని పుల్లతో తిరగేస్తూ. కొట్టాయన తెల్లవారుజామున కోసిన వాటిలో ఈ కదలిక ఉండదట. కోసిన కాసేపటి వరకే ఉంటుందట.

1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇదే చూశారు. కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నరాలన్నీ తెంచేసినా, లోపల ముద్ద తగిలిన చోట వెనకవైపు బిగుసుకుని, ముందువైపు వదులై, దాన్ని తోస్తూనే ఉంది. అంటే పేగు తన పని తానే చూసుకోగలదు. మన పేగు గోడలోనే 10 కోట్లకు పైగా నరకణాలున్నాయి. మెదడు సలహా ఇస్తుంది, పెత్తనం మాత్రం పేగుదే. ఆ ఇద్దరే 1902లో ఇంకో వింత పట్టుకున్నారు. జీర్ణాశయం నుంచి దిగిన ఆమ్లం చిన్నపేగుకు తగలగానే పేగు గోడ నుంచి ఒక పదార్థం నెత్తుటిలో కలిసి పోయి, క్లోమానికి రసం వదలమని కబురు అందిస్తుంది. దానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. మనిషి కనుక్కున్న మొట్టమొదటి హార్మోన్ అదే, దొరికింది పేగులో. గుండె మీద వచ్చినన్ని పాటలు పేగు మీద ఎందుకు రాలేదో నాకర్థం కాదు.

మన సంగతికొస్తే, రోజుకు మనం తాగేదీ తినేదాంట్లో ఉండేదీ కలిపి నీళ్ళు 2 లీటర్ల చిల్లర. లాలాజలం, జీర్ణాశయ రసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసం కలిపి శరీరం తనంతట తాను పోసుకునేది మరో 7 లీటర్లు. ఈ 9 లీటర్లలో మలంతో బయటికి పోయేది ఒక గ్లాసుకు మించదు. మిగతాదంతా పేగులు వెనక్కి పీల్చేసుకుంటాయి. పీల్చుకోగలిగిన దాన్ని మించి పేగే నీళ్ళు వదలడం మొదలుపెట్టిందంటే అది కలరా. బ్యారేజీ గేట్ల కింద ఎన్ని క్యూసెక్కులు పోతాయో రాసుకురమ్మన్న మా ఎడిటర్‌కు ఈ లెక్క చెబితే ఏమంటాడో!

కొట్టు ముందు గొర్రెలు తోలుకొచ్చిన కాపరి బేరగాడితో తగువు పెట్టుకున్నాడు. ఒక జోడిపి గొర్రె, తెలుపు మీద మూతికీ కళ్ళ చుట్టూ నల్లమచ్చలది, ధర పలకడం లేదు. దేశంలో ఎత్తయిన గొర్రెగా పేరున్న నెల్లూరు జాతి, కానీ ఇది డొక్కలెగరేస్తూ నిలబడింది. "ఎడగారు కోతలకాడ మందగట్టినా. మిషను కింద రాలిన వడ్లు మెక్కింది. నా తప్పేముండాది?" అంటున్నాడు. నన్ను పిలిచి దాని ఎడమ డొక్కలో పిడికిలి పెట్టి ఆనించమన్నాడు. ఏమీ తెలియలేదు. పక్కనున్న మరో గొర్రె డొక్కలో పెట్టమన్నాడు. నిమిషంలోపే లోపల్నుంచి ఒక బరువైన అల వచ్చి నా పిడికిలిని బయటికి నెట్టి దిగిపోయింది. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా వస్తుంది. గింజలు ఎక్కువైతే పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరిగి, సోడా లవణం చాలక, కండ కదలడం మానేస్తుంది. పెళ్ళి భోజనాల్లో మిగిలిన అన్నం గంపలకొద్దీ ఆవుకు పెట్టి పుణ్యం మూటగట్టుకునేవాళ్ళు తెలుసుకోవాల్సిన ముక్క ఇది.

అసలు నాకు ఒళ్ళు మండింది దాని తర్వాత. పెద్దామె ఇంకో పొట్ట చీల్చి, పేడలో చెయ్యి పెట్టి ఒక ఉండ లాగింది. పాల ప్యాకెట్ ముక్క, గుట్కా కవరు, బస్తా కుట్టే నైలాన్ దారం, అన్నీ పెనవేసుకుపోయి ఉన్నాయి. దాన్ని గోడ పక్కకు విసిరేసింది. అక్కడ అలాంటివి ఒక గంపెడున్నాయి. "ముందర ఇట్టా ఉండేది కాదు. అప్పుడు తుమ్మకాయ గింజలొచ్చేవి, అంతే" అంది. గళ్ళ పొట్ట నుంచి ఆకుల పొట్టకు పోయే దారి చాలా ఇరుకు. కొద్ది మిల్లీమీటర్ల లోపు నలిగిన మేతే ఆ దారిన దిగుతుంది. నలగనిది మళ్ళీ నోటికొచ్చి నెమరు పడాలి. ప్లాస్టిక్ నెమరుకు నలగదు, కిందికి దిగదు, సూక్ష్మజీవులకు లొంగదు. గొర్రె బతికినన్నాళ్ళూ అక్కడే ఉండిపోతుంది.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్ళు ఆవుల కడుపులు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీశారు. 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటి మీద దేశమంతా నిషేధం ఉంది. అయినా ప్లాస్టిక్ ఎక్కడికీ పోలేదని ఈ గోడ పక్కన గంపను చూస్తే తెలుస్తుంది. కానీ దాన్ని చూసేదెవరు? 2001 నాటి కబేళా నిబంధనలు పశువైద్యుడు గంటకు 12 పశువులకు మించి పరీక్షించకూడదంటాయి, అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఊళ్ళో కొట్టు వెనక కోసే గొర్రెకు ఆ ఐదు నిమిషాలు ఎవరిస్తారు? ఆదివారం ఆదివారం రాష్ట్రమంతా వేల కడుపులు తెరుచుకుంటాయి. ఏ ఊరి బయలు ఎంత పాడైందో, ఏ మంద ఏం తింటోందో అన్నీ అక్కడే కనిపిస్తాయి. చూసే మనిషి చేతిలో కత్తి ఉంది గానీ, ఆమెను అడిగి రాసుకునేవాడు లేడు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం గంట గంటకూ రాస్తారు.

ఆమె తర్వాత ఈ పని ఎవరు చేస్తారని అడిగాను. కోడలు రానంది, మనవడు నీళ్ళు పోయడం వరకే. నెల్లూరులో మిషన్లొచ్చాయట, బోటి పడేస్తే తెల్లగా తిరిగొస్తుందట. మిషను వేలితో చూడదు, కవరు ఉండ వస్తే పక్కన పెట్టదు.

అంతలో ఒక సైన్సు మాస్టారు సంచీ పట్టుకుని వచ్చాడు. మా మాటలు విని, పిల్లలు జీర్ణవ్యవస్థ బొమ్మ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వేసి రంగులు కూడా పూస్తారు, క్లోమం ఎక్కడుందో చూపించమంటే ఛాతీ మీద వేలు పెడతారు అన్నాడు. "ఇక్కడికే తీసుకురండి, రోడ్డు దాటితే మీ బడే గదా" అన్నాను. అమ్మానాన్నలు ఒప్పుకోరన్నాడు. సగం మంది వాసన అంటారు, సగం మంది ఇంకేదో అంటారు. కాసేపు ఆలోచించి, సోమవారం ఒక బోటి తానే ల్యాబుకు తీసుకుపోయి చూపిస్తానన్నాడు.

"అట్టయితే కడగంది తీసకపో సారూ" అంది ఆమె. "కడిగింది కూరకే పనికొస్తాది. కడగందానికి నా కూలి యాభై తగ్గించుకో."

మాస్టారు ఇంకో ఇరవై తగ్గించమని బేరం మొదలుపెట్టాడు.