కుక్కకు చాయ్ పోసే ముందు
అత్తాపూర్ పెట్ క్లినిక్‌లో ఒక వేసవి సాయంత్రం

హైదరాబాద్ అత్తాపూర్‌లో ఎవరిని అడ్రసు అడిగినా ముందు పిల్లర్ నంబరు చెబుతారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైనప్పటి నుంచి ఇదే లెక్క. పైన ఎయిర్‌పోర్టు కార్లు పోతుంటే, కింద చాయ్ బండ్లు, చెరుకు రసం మిషన్లు, కొబ్బరి బొండాల తోపుడు బండ్లు. వాటి చుట్టూ కుక్కలు. మనుషులు తాగగా మిగిలింది వాటికి పోస్తుంటారు. ఇళ్లలో పెంచుకునేవాళ్లదీ అదే అలవాటు. అది వాటి ఒంటికి పడుతుందా? ఇది తెలుసుకోవడానికే మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపలున్న ఒక చిన్న పెట్ క్లినిక్‌లో ఓ సాయంత్రం కూర్చున్నాను.

అక్కడి డాక్టరమ్మ చదివింది దగ్గర్లోనే, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో. 1946లో నిజాం పాలనలో మొదలైన ఆ కాలేజీ, ఇప్పుడు పి.వి. పేరే పెట్టుకున్న తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ కిందికి వచ్చింది.

ముందుగా వచ్చింది ఒక పెద్దాయన, చంకలో తెల్ల పొమేరియన్. వారం నుంచి దానికి మోషన్స్. ఏం పెడుతున్నారని డాక్టరమ్మ అడిగితే ఆయన మురిసిపోతూ చెప్పాడు: “చాయ్ అంటే దీనికి పానం మేడమ్. పొద్దుగాల నాతోని సాసర్‌ల పోస్తే గాని ఊకోదు.”

డాక్టరమ్మ కోప్పడలేదు. కుక్కను కాటా మీద నిలబెట్టింది. 6 కిలోలు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక లెక్క వేసి చూపింది. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ కుక్కలో కిలో బరువుకు 20 మిల్లీగ్రాములకు చేరితే వాంతులు, రొప్పు, నిలకడ లేకపోవడం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60కి వస్తే ఫిట్స్. అంటే ఈ 6 కిలోల ప్రాణికి 120 మిల్లీగ్రాములతోనే ఇబ్బంది మొదలు. “సాసర్ చాయ్‌లో అంత ఉండదు అంకుల్, దానితో ప్రాణం పోదు. కానీ మీ ఇంట్లో కాఫీ పొడి డబ్బా ఎక్కడుంటుంది?” అని అడిగింది. చెంచాడు ఇన్‌స్టంట్ పొడిలోనే సుమారు 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కింద పెట్టిన డబ్బాలో కుక్క మూతి పెట్టిందంటే అది ఎమర్జెన్సీయే. చాక్లెట్ పొడి కలిపిన పాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అందులోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి కెఫీన్ కన్నా నిదానంగా పోతుంది. సగం పోవడానికే 17 గంటల పైన పడుతుంది.

మరి మోషన్స్ దేనివల్ల? పాల వల్ల కావచ్చంది. కుక్కపిల్ల తల్లిపాలు మానేశాక పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతూ వస్తుంది. అరగని పాలు పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలు పట్టిస్తాయి. పైగా రోజూ చక్కెర. డాక్టరమ్మ దాని పెదవి పైకెత్తి చూపింది. వెనక పళ్ల మీద పచ్చగా గార పేరుకుని ఉంది, చిగుళ్లు ఎర్రగా వాచాయి. పెద్దాయన వంగి చాలాసేపు చూశాడు. “నేను ప్రేమతోనే పోసిన బిడ్డా” అన్నాడు. “తెలుసు అంకుల్. రేపటి నుంచి అదే టైముకు, అదే సాసర్‌లో మంచినీళ్లు పోయండి. రెండు రోజులు అలుగుతుంది, తర్వాత అలవాటు పడుతుంది” అంది ఆమె.

తర్వాత ఒక అమ్మాయి లాబ్రడార్‌తో వచ్చింది. అది డీలా పడిపోయి ఉంది. మెడ వెనక చర్మం పట్టి పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోలేదు. చిగుళ్లు వేలికి జిగటగా తగిలాయి. ఒంట్లో నీరు తగ్గిన గుర్తులివి. విరేచనాలు అవుతుంటే ఓఆర్‌ఎస్ అనుకుని ఇంట్లో ఉన్న తియ్యటి టెట్రా ప్యాక్ పట్టిందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకుల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు, దానితో విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ సూత్రానికి సరిపడని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాటే వాడొద్దంది. ఆ పోరాటం పసిపిల్లల కోసం. దాని మేలు మూగజీవాలకూ అందాలి. అసలైన ఓఆర్‌ఎస్ అయినా కుక్కకు ఎంత పట్టాలో డాక్టరే చెప్పాలి. లాబ్రడార్‌కు సెలైన్ ఎక్కించారు.

రద్దీ తగ్గాక మిగతావి ఒక్కొక్కటే అడిగాను. కల్లు ప్రస్తావన రాగానే ఆమె ముఖం మారింది. శివారు ఊళ్ల నుంచి అలాంటి కేసులు వస్తాయట. ముంతలో మిగిలింది కుక్కకు పోసి, అది తూలుతుంటే నవ్వుకుంటారు. మత్తు దిగితే అదే లేస్తుందిలే అని వదిలేస్తారు. పొద్దెక్కే కొద్దీ కల్లు పులిసి ఘాటెక్కుతుంది. ఆల్కహాల్ పడితే కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి మందగిస్తుంది. బీరైనా, విస్కీ అయినా ఇంతే. ఇది మాత్రం అలవాటు కాదు, హింస అని నేననుకుంటున్నాను.

మజ్జిగ? ఉప్పు, మసాలా లేని పలచని మజ్జిగ కొద్దిగా అయితే చాలా కుక్కలకు పడుతుంది. పులిసేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది కదా. కానీ మన ఇళ్లలో మజ్జిగలో ఉల్లిపాయ ముక్కలు వేస్తాం. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. కొబ్బరి నీళ్లు ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నాలుగు చెంచాలు ఫర్వాలేదు. వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ, గుండె జబ్బులున్నవాటికి వద్దు. ద్రాక్ష రసం అసలే వద్దు, కొన్ని కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయి. షుగర్ ఫ్రీ డ్రింకు అయితే, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ పేరు డబ్బా మీద రాసుందేమో చూడాలి. 10 కిలోల కుక్కకు ఒక గ్రాము జైలిటాల్ చాలు, గంటలోపే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

పొరపాటున తాగేస్తే ఏం చేయాలి? చాలామంది ఉప్పు నీళ్లు పట్టి కక్కిస్తారు. అది ఇంకో విషం, ఒంట్లో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. కుక్క బరువెంత, ఏం తాగింది, ఎంత తాగింది, ఎప్పుడు తాగింది? ఈ నాలుగూ గుర్తుపెట్టుకుని, వీలైతే ఆ సీసానో ప్యాకెట్టో చేతపట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి రావాలి.

ఇన్ని విన్నాక తేలిందొక్కటే: కుక్క తాగాల్సింది నీళ్లు. కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు దానికి లేదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి దించుకోవాలి, అలా రొప్పే కొద్దీ నీరు పోతుంది. వీధి కుక్కలకు అదే దొరకడం లేదు. అందుకే గుంటల్లో తాగుతాయి. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కిడ్నీలు, కాలేయం చెడతాయి. ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది. కాబట్టి వీధిలో శుభ్రమైన నీళ్లు పెట్టడం మన క్షేమం కూడా.

ప్రతి చాయ్ బండి పక్కన, ప్రతి అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక సిమెంటు తొట్టి పెట్టుకుందాం. పెట్టి వదిలేస్తే దోమలు చేరతాయి, అందుకని రోజూ పొద్దున పాత నీళ్లు పారబోసి, పీచుతో తోమి, కొత్త నీళ్లు నింపాలి. వాచ్‌మన్ చేస్తాడులే అనుకోకుండా ఇంటికో వారం చొప్పున వంతులు వేసుకుంటే ఏడాది పొడవునా నడుస్తుంది.