విత్తనముల జాతర

రాయికోడున వీరభద్రస్వామిని దర్శించి జహీరాబాదు దారి పట్టితిమి. ఇరుప్రక్కల ప్రత్తియు చెఱకును. కొఱ్ఱ, సామ వెదకిన గాని కానరావు. ఈ సీమలో దేవునికే కాక విత్తనమునకును జాతర కలదు. దానిని జరుపువారు దక్కను డెవలప్‌మెంటు సొసైటీ మహిళాసంఘములవారు; అందు పెక్కండ్రు దళితస్త్రీలు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము లభించి వారి పేరు దేశదేశముల ప్రాకెను. మంచిదే. అయినను సోదరీమణులారా, పత్రికలో బొమ్మ పడినంత మాత్రమున ఊరివారు పీట వేయుదురా?

ఏటేట సంక్రాంతి నాళ్లలో వీరు ఎడ్లబండ్లను సింగారించి, పాతపంటల విత్తులను బుట్టలకెత్తి, డప్పులతో ఊరూర త్రిప్పుదురు. ఇల్లాండ్రు ఎదురేగి హారతి పట్టుదురు. పిదప వానల మాట, పంటల మాట. సంఘమునుండి విత్తు తీసికొన్నవారు పంట చేతికి వచ్చినపుడు విత్తే కొలిచి యిత్తురు, రూకలు గాదు. ఒకప్పుడు తమ్ము కూలికి పిలిచి వాకిటనే నిలిపిన యిండ్లవారు నేడు విత్తనమునకై తమ గడపకు వత్తురని ఆ తల్లులు చెప్పుదురు. బహుమానముకంటె మాకు ఈ మాటయే ఘనముగా తోచినది.

జాతర ముగిసిన పిమ్మట ఆ విత్తులు బూడిదతోను, వేపాకుతోను కలిసి, మన్ను మెత్తిన బుట్టలలో తొలకరిదాక నుండును.