హీరో లేని పడవ

ఎల్విస్ ప్రెస్లీ 'బ్లూ హవాయి' (1961) చూసినవాళ్ళకి ఆఖరి సీను గుర్తుండే ఉంటుంది. కవాయి దీవిలోని కోకో పామ్స్ హోటల్ కొలనులో, పూలతో అలంకరించిన పడవ మీద హీరోగారి పెళ్ళి! అందరి కళ్ళూ ఎల్విస్ మీదే. పడవ నడిపేవాళ్ళని ఎవరు చూస్తారు చెప్పండి? మన సినిమాల్లోనూ అంతేగా... హీరో పాట పాడుతుంటాడు, తెడ్డు వేసేవాడి మొహం ఫ్రేములోకి రానే రాదు.

నాకు హవాయి వెళ్ళే అవకాశం వచ్చినప్పుడు చూడాలనుకున్నది ఆ తెడ్డు వేసేవాళ్ళనే. హొనొలులులో వైకీకీ బీచికి పొద్దున్నే చేరుకున్నాను. ఇసుక మీద వరసగా పడవలు. పొడుగు నలభై అడుగుల పైమాటే. వెడల్పు మాత్రం ఒక మనిషి ఇరుకుగా కూర్చునేంత! ఇంత సన్నటి పడవ సముద్రంలో బోల్తా పడకుండా ఎలా నిలుస్తుందంటే, దాని కిటుకంతా ఎడమపక్కన ఉంది. పడవకి అడ్డంగా రెండు వంపు కొయ్యలు కట్టి, వాటి చివర నీటి మీద తేలే సన్నటి దుంగ ఒకటి బిగించారు. దుంగ పేరు 'అమా'. కొయ్యల పేరు 'ఇయాకో'. పడవని 'వఆ' అంటారు. పూర్వం కోవా చెట్టు మానుని తొలిచి చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాసువే. అయినా కొయ్యల్ని కట్టేది చాలాచోట్ల తాడుతోనే. మేకు కొడితే కెరటం దెబ్బకి విరుగుతుంది. తాడు కాస్త లొంగి, మళ్ళీ పట్టు నిలుపుకుంటుంది. మన విశాఖ జాలర్లు దుంగల్ని తాళ్ళతో కట్టి తెప్ప చేసుకోవడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆరు సీట్లు, ఆరు పాత్రలు

పందెం పడవలో ఆరుగురు. ఒకటో సీటువాడు తెడ్డు వేగం నిర్ణయిస్తాడు. చాలా జట్లలో మూడో సీటువాడిది గొంతు పని. వాడు "హట్!" అని కేక వేయగానే అందరూ తెడ్లు ఈ పక్కనుంచి ఆ పక్కకి మారుస్తారు. మన గోదావరి పడవవాళ్ళ 'హైలెస్సా' లాంటిదన్నమాట! మధ్య సీట్లవాళ్ళు ఇంజను. ఆరో సీటులో సరంగు. దారి చూసేది, కెరటాన్ని పసిగట్టేది ఆయనే.

యాత్రికుల పడవలో నేనూ ఎక్కాను. మాలో కండలు తిరిగిన కుర్రాడొకడున్నాడు. ఊపిరి బిగబట్టి, ముందున్నవాడికంటే ముందే తెడ్డు వేసేస్తున్నాడు. పడవ ఎగుడుదిగుడు రోడ్డు మీద జట్కాలా తడబడుతోంది. వెనకనుంచి సరంగు, అరవై దాటిన పెద్దాయన, నవ్వుతూ అన్నాడు:

"బలం తగ్గించు తమ్ముడూ! ముందువాడి వీపు చూడు చాలు."

అంతే! పది తెడ్లు పడేసరికి అందరి చప్పుడూ ఒక్క చప్పుడైంది. పడవ నీటి మీదికి లేచినట్టు సాగిపోయింది. వెనకనుంచి కెరటం వచ్చి మమ్మల్ని ఒడ్డుదాకా ఎత్తుకుపోయింది. మాలో ఎక్కువ బలం ఎవరు పెట్టారో చెప్పమంటే నేను చెప్పలేను. ఆ కుర్రాడూ చెప్పలేడు.

సాయంత్రం అలా వాయ్ కాలవ గట్టున క్లబ్బుల ప్రాక్టీసు చూశాను. పన్నెండేళ్ళ పిల్లలనుంచి తాతల వయసువాళ్ళ దాకా ఉన్నారు. పడవని నీళ్ళలోకి దించాలంటే తలో చెయ్యీ వెయ్యాల్సిందే. డాక్టరుగారూ మొయ్యాలి, డ్రైవరూ మొయ్యాలి. దీనికి వాళ్ళ మాట 'లౌలిమా', అంటే అనేక చేతులు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవరు. చుట్టరికం లేకపోయినా 'అంకుల్', 'ఆంటీ' అనే పిలుస్తారు. మన బాబాయిలూ పిన్నులూ గుర్తొచ్చారు నాకు. కుటుంబాన్ని వాళ్ళు 'ఒహానా' అంటారు. 'ఓహా' అంటే చేమమొక్క పక్కన మొలిచే పిలక. ఒకే దుంపనుంచి వచ్చిన పిలకలే ఒహానా. చేమదుంపల పులుసు తినే మనకి ఈ మాట అర్థం కావడానికి డిక్షనరీ కావాలా?

తలలు లెక్కపెట్టే చదువు

పడవ బోల్తా పడితే ఏం చెయ్యాలో కూడా అక్కడ నేర్పుతారు. మొదటి పని పడవని తిప్పడం కాదు, తలలు లెక్కపెట్టడం! అందరూ ఉన్నారని తేలాకే పడవ సంగతి.

ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. మొలొకాయి, ఒఆహు దీవుల మధ్య కైవీ జలసంధి ఉంది. మహా పొగరుబోతు సముద్రం అది. 1952లో మొట్టమొదటిసారి మూడు పడవలు ఆ జలసంధిని దాటి పందెం నడిపాయి. ఈ పందెం దూరం సుమారు 41 మైళ్ళు. 1979లో ఆడవాళ్ళ పందెం కూడా మొదలైంది. దారిలో అలసినవాళ్ళు సముద్రంలోకి దూకేస్తే, నీళ్ళలో కాచుకుని ఉన్నవాళ్ళు పడవ ఆగకుండానే ఎక్కి తెడ్డు అందుకుంటారు!

1976లో 'హోకులేఅ' అనే జంట పడవల తెరచాప నావ దిక్సూచి లేకుండా, నక్షత్రాల్నీ కెరటాల్నీ చూసుకుంటూ తహితి చేరింది. అప్పటికి హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్ళు మిగల్లేదు. మైక్రోనేసియానుంచి మౌ పియాయిలుగ్ వచ్చి దారి చూపాడు. 1978 మార్చిలో అదే నావ మొలొకాయి దగ్గర తలకిందులైంది. బీచి గార్డుగా పేరున్న ఎడ్డీ ఐకావు తోటివాళ్ళకి సాయం తెస్తానని సర్ఫ్ బోర్డు మీద ఒంటరిగా వెళ్ళాడు. మిగతా నావికులందర్నీ రక్షించారు. ఎడ్డీ మాత్రం తిరిగి రాలేదు.

నావ తిరిగి బయల్దేరింది. 1980లో నైనోవా థామ్సన్ అనే హవాయి యువకుడే దారి చూసి తహితి చేర్చాడు. 1986లో తెడ్డు పడవ పందేలను హవాయి తన రాష్ట్ర జట్టు క్రీడగా ప్రకటించింది.

మీరెప్పుడైనా వైకీకీ వెళితే డ్యూక్ కహనమోకు విగ్రహం తప్పక చూడండి. 1912, 1920 ఒలింపిక్సులో ఈత బంగారు పతకాలు గెలిచిన వీరుడు. హాలీవుడ్ సినిమాల్లోనూ వేషాలు వేశాడు. విగ్రహం చేతుల నిండా ఎప్పుడూ పూలదండలే. అందరూ ఆయన పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటారు. మీరూ తీయించుకోండి, తప్పులేదు! కానీ ఆ తర్వాత ఆయన వీపు వెనక్కి నాలుగడుగులు వేసి సముద్రంవైపు చూడండి. సన్నటి పడవలో ఆరుగురు పోతుంటారు. ఎండకి మొహాలు కనిపించవు. డ్యూక్ కూడా ఒకప్పుడు అలాగే, ముందువాడి వీపు చూసుకుంటూ తెడ్డు వేసినవాడే.