పోకతోటల్లో నటుల బడి

‘కాంతార’లో దొరగారు గుర్తున్నారా? పైకి చిరునవ్వు, లోపల కత్తి! 2022లో వచ్చిన ఆ సినిమాలో ఆ వేషం కట్టిన అచ్యుత్ కుమార్ నటన నేర్చుకున్నది ఏ మహానగరంలోనో అనుకునేరు. కాదు... కర్ణాటకలో, శివమొగ్గ జిల్లాలో, హెగ్గోడు అనే పల్లెటూళ్ళో! పదండి, ఓసారి పోయొద్దాం.

సాగర పట్నంలో దిగి, జోగ్ జలపాతం బస్సు ఎక్కకుండా మనసు బిగబట్టుకోగలిగితే హెగ్గోడు ఎంతో దూరం లేదు. దారి పొడుగునా పోకతోటలు, పెంకుటిళ్ళు. వానాకాలమైతే గొడుగు మరిచిపోకండి, అసలే మలెనాడు!

ఈ ఊళ్ళో 1949లో నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు కలిసి నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘం పెట్టుకున్నారు. పొట్టిగా ‘నీనాసం’. దాన్ని పెంచి పెద్దచేసిన కె.వి. సుబ్బణ్ణ పోకతోటల రైతు, రచయిత కూడా. గొప్ప కళ పల్లెజనానికి తలకెక్కదంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. అందుకే 1973లో ఆ ఊళ్ళో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ సతీష్ బహదూర్ అంత దూరం వచ్చి, సినిమా ఎలా చూడాలో పాఠాలు చెప్పారు. 1980లో నటుల శిక్షణ కేంద్రం వెలిసింది. 1991లో సుబ్బణ్ణను మెగసెసే అవార్డు వెతుక్కుంటూ వచ్చింది. 2005లో ఆయన కన్నుమూసినా బడి ఆగలేదు.

1985లో ‘తిరుగాట’ మొదలైంది. మన ‘తిరగడం’తో చుట్టరికమున్న మాటే! నటులు సామాను సర్దుకుని ఊరూరా నాటకాలు వేస్తారు. సరే... రాత్రి ఆట, తెల్లారి ప్రయాణం. మరి ఆ ఊళ్ళో మిగిలేదేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఇంకొంచెం ఉత్తరానికి, ఎల్లాపుర అడవుల దాపున ఉన్న మంచికేరికి పోవాలి. అక్కడ సిద్దీలుంటారు. ఎన్నో తరాల క్రితం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి. మాట్లాడేది ఇక్కడి భాషలే, అయినా చూసేవాళ్ళ కళ్ళకు పరాయివాళ్ళే! 1980లలో నీనాసం కళాకారులు అక్కడికి వెళ్ళి, ఆటాడి వచ్చేయలేదు. సిద్దీలకే శిక్షణ ఇచ్చి, వాళ్ళనే రంగస్థలం ఎక్కించారు. దర్శకుడు చిదంబరరావు జంబె. నాటకం నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’కు కన్నడ రూపం. పూర్వీకుల ఖండం నుంచి వచ్చిన కథ! అందులో వీళ్ళే వీరులు, వీళ్ళే పెద్దలు. నలుగురూ చిన్నచూపు చూసే మనిషిని ఒక్క రాత్రి ఊరంతా తలెత్తి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ సిద్దీల నుంచే తర్వాత ప్రశాంత్ సిద్ది నీనాసంలో చదువుకుని, 2011లో ‘పరమాత్మ’తో కన్నడ వెండితెరకు వచ్చాడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి మీ ఊరికి నాటకం వాళ్ళొస్తే చప్పట్లు కొట్టి ఇంటికి పోకండి. ఇంకో రెండ్రోజులుండి మాక్కూడా నేర్పమని అడగండి. అడిగితే పోయేదేముంది?