తవ్వ, సోల కలిపితే ఎంత?

భిన్నాలంటే భయపడే హాస్టల్ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ మాట.

మేమూ కాలేజీకొచ్చేదాకా 1/2 + 1/4 అంటే 2/6 అనే రాసేవాళ్లం. పైవి పైన, కిందివి కింద కూడేయడమే. 2/6 అంటే మూడోవంతు. అరకి ఇంకా కలిపితే అరకన్నా తగ్గుతుందా? మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు.

సెలవుల్లో ఊరెళితే అమ్మ రాగులు కొలుస్తోంది. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. "తవ్వ, సోల కలిపితే మానికలో ఎంతమ్మా?" అని అడిగాం.

"మూడు సోలలు. ఇంకోటి పోస్తే మానిక" అంది, తలెత్తకుండానే.

తవ్వని రెండు సోలలు చేసేసింది! 2/4 + 1/4 = 3/4. హారాలు సమానం చేయడమంటే ఇదే కదా.

బడి మొహం చూడని అమ్మకొచ్చిన లెక్క మనకి రాదనుకుని ఇన్నేళ్లు వెనక బెంచీలో కూర్చున్నాం. మీరు కూర్చోకండి. అర్థంకాకపోతే మా రూముకి రండి, గ్లాసుతో కొలిచి చూపిస్తాం.